ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రోబోటిక్ శస్త్రచికిత్స: దీర్ఘకాలిక ఫలితాలు

ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఇంకా ఒకచోటే ఉన్నప్పుడు, చుట్టుపక్కల భాగంతో సహా దాన్ని కోసి తీసేయడం నేటికీ ప్రధాన చికిత్స. ఆ పనిని సర్జన్ రోగి పక్కన నిలబడి కాకుండా, కొంచెం దూరంలో కన్సోల్ ముందు కూర్చుని, ఛాతీలోకి దూర్చిన సన్నని యాంత్రిక భుజాలతో చేస్తే దాన్ని రోబోటిక్ శస్త్రచికిత్స అంటారు. పేరులో రోబో ఉందే గానీ ఈ యంత్రం తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. సర్జన్ వేళ్లు ఎటు కదిలితే లోపలి పరికరం అటు కదులుతుంది. ఈ పద్ధతి మొదలై ఇరవై ఏళ్లు దాటింది. ఐదేళ్ల తర్వాత ఎందరు బతికి ఉన్నారు, ఎందరికి జబ్బు తిరగబెట్టింది అని అడగడానికి చాలినంత సమాచారం ఇప్పటికి పోగైంది. ఆ లెక్కల్లో రోబో మామూలు కీహోల్ పద్ధతికి తీసిపోలేదు. దానికంటే ఎక్కువ కాలం బతికిస్తుందని మాత్రం ఇంతవరకు రుజువు కాలేదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 85 శాతం ‘నాన్ స్మాల్ సెల్’ రకం. స్మాల్ సెల్ రకం చాలా వేగంగా పాకుతుంది కాబట్టి అందులో ఆపరేషన్‌కు అవకాశం అరుదు. ఈ వ్యాసంలోని ఊపిరితిత్తుల ఆపరేషన్ ఫలితాల అంకెలు దాదాపు అన్నీ నాన్ స్మాల్ సెల్ రకానివే.

సెయింట్ లూయిస్ నుంచి పీసా దాకా

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, బార్న్స్ ఆస్పత్రిలో, ఎవార్ట్స్ గ్రాహం ఒక ప్రసూతి వైద్యుడి ఎడమ ఊపిరితిత్తిని క్యాన్సర్ గడ్డతో సహా పూర్తిగా తీసేశారు. అలాంటి ఆపరేషన్ తర్వాత రోగి బతికి బయటపడడమే ఆ రోజుల్లో వింత. ఆ రోగి మరో 30 ఏళ్లు బతికారు. గ్రాహం మాత్రం 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే చనిపోయారు. సిగరెట్టుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1950లో ఎర్నస్ట్ విండర్‌తో కలిసి బయటపెట్టింది కూడా ఆయనే. అప్పటిదాకా తానూ బాగా సిగరెట్లు కాల్చినవారే. ఆపరేషన్ చేసినాయన కంటే చేయించుకున్నాయన ఎక్కువ కాలం బతకడం చరిత్రలో ఒక చేదు విశేషం. అందులో వైద్య విషయం కూడా ఉంది: గ్రాహం జబ్బు బయటపడేసరికే పాకిపోయింది, ఆయన రోగి గడ్డ కోసి తీయడానికి వీలున్నప్పుడే దొరికింది.

కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు, ఎడమదానిలో రెండు ఉంటాయి. మొత్తం ఊపిరితిత్తిని తీసేస్తే శరీరం మీద భారం ఎక్కువ గనుక, గడ్డ ఉన్న లోబ్‌ను మాత్రం తీసే లోబెక్టమీ 1960ల నాటికి వాడుకలో స్థిరపడింది. చాలాకాలం దాన్ని థొరకాటమీ ద్వారానే చేసేవారు. అంటే పక్కన పొడవాటి కోత పెట్టి, పక్కటెముకలను ఎడం చేసి, చేయి పట్టేంత దారి చేసుకోవడం. పక్కటెముకల కింద నడిచే నరాలు ఈ క్రమంలో నలుగుతాయి, అందుకే కొందరిని నొప్పి నెలలూ ఏళ్లూ వదలదు. 1990ల తొలినాళ్లలో కెమెరా సాయంతో చిన్న రంధ్రాల గుండా చేసే పద్ధతి వచ్చింది. ఈ కీహోల్ పద్ధతినే సర్జన్లు వాట్స్ అని పొట్టిగా పిలుస్తారు.

ఇంట్యూటివ్ సర్జికల్ కంపెనీ తయారుచేసిన డా విన్సీ యంత్రానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో అనుమతి ఇచ్చింది. ఛాతీ ఆపరేషన్లలో దాన్ని వాడిన తొలి అనుభవాలను ఇటలీలోని పీసా నగరం నుంచి ఫ్రాంకా మెల్ఫీ బృందం 2002లో ప్రచురించింది. వాట్స్‌తో పోలిస్తే రోబో ఇచ్చే సదుపాయాలు నిజమైనవే. దృశ్యం లోతుతో సహా కనిపిస్తుంది. వాట్స్ పరికరాలు నిటారు కర్రల్లా ఉంటే రోబో పరికరాల కొస మణికట్టులా అన్ని వైపులా తిరుగుతుంది. చేతి వణుకు లోపలికి చేరదు. లోపం కూడా ఉంది. పట్టుకున్నది మెత్తగా ఉందో గట్టిగా ఉందో సర్జన్ వేళ్లకు తెలియదు, కంటితో చూసి ఊహించుకోవాలి. 2024లో అనుమతి పొందిన డా విన్సీ 5 నమూనాలో ఈ స్పర్శను కొంతవరకు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఊపిరితిత్తిలోకి రక్తం తెచ్చే ధమని గోడ చాలా పలచన. ఛాతీ ఆపరేషన్లలో సర్జన్లు దానికి భయపడినంతగా మరి దేనికీ భయపడరు. రోబో చేతుల మధ్య అది చిరిగితే, యంత్రాన్ని పక్కకు తప్పించి ఛాతీ తెరవడానికి పట్టే ఆ కొద్ది సమయమే కీలకం. అందుకే ఎన్ని ఆపరేషన్లను మధ్యలో తెరిచిన పద్ధతికి మార్చాల్సి వచ్చిందన్న అంకెను ప్రతి అధ్యయనమూ విడిగా చెబుతుంది.

ఐదేళ్ల అంకెలు

దీర్ఘకాలిక ఫలితాల మీద మొదటి పెద్ద నివేదిక 2012లో వచ్చింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంతో పాటు ఇటలీలోని రెండు కేంద్రాల్లో 325 మందికి చేసిన రోబోటిక్ లోబెక్టమీల ఫలితాలవి. ఐదేళ్ల జీవన రేటు మొత్తం మీద 80 శాతం. మొదటి దశ తొలి భాగమైన ఒకటి-ఏలో 91, ఒకటి-బీలో 88, రెండో దశలో 49. ఆస్పత్రిలో ఉండగా చనిపోయినవారు 0.3 శాతం. 8 శాతం కేసుల్లో ఛాతీ తెరవాల్సి వచ్చింది. 2018లో రాబర్ట్ సెర్ఫోలియో తదితరులు ఇంకా పెద్ద సంఖ్య, 1,339 మంది వివరాలు, ప్రచురించారు. అందులో ఒకటి-ఏ దశలో ఐదేళ్ల జీవన రేటు 83 శాతం, ఒకటి-బీలో 77, మూడు-ఏలో 62.

ఈ అంకెలు చదివేటప్పుడు రెండు సంగతులు మరవకూడదు. మొదటి అధ్యయనంలో రోగులను గమనించిన మధ్యస్థ కాలం 27 నెలలు, రెండోదానిలో 30. అంటే ‘ఐదేళ్ల జీవన రేటు’ అన్నది అందరినీ ఐదేళ్లపాటు చూసి చెప్పిన మాట కాదు. అప్పటిదాకా చూసినవారి గతిని బట్టి గణితం కట్టిన అంచనా. ఇది తప్పుడు పద్ధతేమీ కాదు, క్యాన్సర్ పరిశోధన అంతా ఇలాగే నడుస్తుంది. కానీ ప్రకటనల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

రెండోది రోగుల ఎంపిక. ఊపిరితిత్తుల క్యాన్సర్ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఎల్‌సీ 2016లో ప్రకటించిన ఎనిమిదో దశా విభజనలో, ఆపరేషన్ తర్వాత నిర్ధారించిన మూడు-ఏ దశకు ఐదేళ్ల జీవన రేటు 41 శాతం. సెర్ఫోలియో జాబితాలో అదే దశకు 62. ఈ తేడా యంత్రం చేసిన మహిమ అనుకుంటే పొరపాటు. చేయి తిరిగిన సర్జన్ దగ్గరికి, ఆపరేషన్‌కు తట్టుకోగలిగినవారే, అందులోనూ గడ్డ పరిస్థితి అనుకూలంగా ఉన్నవారే చేరతారు. సగటు ఆస్పత్రుల సగటు రోగులతో వారిని పోల్చడం కుదరదు.

ఈ చిక్కును కొంతవరకు తప్పించిన అధ్యయనం 2017లో స్లోన్ కెటరింగ్ నుంచే వచ్చింది. ఒకే ఆస్పత్రిలో, ఒకే కాలంలో, మొదటి దశలో ఉన్నవారిని తీసుకుని, వయసు, ఊపిరితిత్తుల సామర్థ్యం వంటివి సరిపోలేలా జతచేశారు. రోబోతో చేయించుకున్నవారు 172 మంది, వాట్స్‌తో 141, ఛాతీ తెరిచి చేయించుకున్నవారు 157. ఐదేళ్ల జీవన రేటు వరసగా 77.6, 73.5, 77.9 శాతం. జబ్బు తిరగబెట్టకుండా గడిపినవారు 72.7, 65.5, 69.0 శాతం. ఈ రెండో వరసలో రోబోకూ వాట్స్‌కూ మధ్య తేడా గణాంకపరంగా అంచున నిలిచింది గానీ, మిగతా కారణాలన్నీ కలిపి విశ్లేషించినప్పుడు ఆపరేషన్ పద్ధతికి విడిగా ప్రభావం ఉన్నట్టు తేలలేదు. మూడు పద్ధతుల్లో దేనికీ పైచేయి లేదని చెప్పడానికి పాత రికార్డులను వెనక్కి చూసి చేసినవాటిలో ఇంతకంటే శుభ్రమైన అధ్యయనాలు తక్కువ.

గర్భాశయ ముఖద్వారం నేర్పిన పాఠం

కోత చిన్నదైతే ఫలితం కనీసం సమానంగానైనా ఉంటుందిలే అని చాలాకాలం వైద్యులు ధీమాగా ఉన్నారు. ఆ ధీమాను 2018లో ఒక పరీక్ష పోగొట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉన్న 631 మంది స్త్రీలను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు పొట్ట కోసి, మరో గుంపుకు కీహోల్ లేదా రోబోటిక్ పద్ధతిలో ఆపరేషన్ చేశారు. నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు కోత పద్ధతిలో 96.5 శాతం, చిన్న రంధ్రాల పద్ధతిలో 86 శాతం. అప్పటికే కొన్నేళ్లుగా ప్రపంచమంతటా మోజుగా చేస్తున్న ఆపరేషన్ అది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ, క్యాన్సర్ నివారణకు గానీ చికిత్సకు గానీ రోబో సురక్షితమనీ సమర్థమనీ ఇంకా నిర్ధారణ కాలేదని హెచ్చరిక విడుదల చేసింది.

ఊపిరితిత్తి వేరు, గర్భాశయం వేరు. గడ్డను చిదమకుండా లోబ్‌తో పాటు సంచిలో పెట్టి బయటికి తీసే వీలు ఊపిరితిత్తిలో ఉంది. అయినా ఆ దెబ్బ తర్వాత ఊపిరితిత్తుల సర్జన్లలోనూ ఇలా చీటీ తీసినట్టు విడదీసే ర్యాండమైజ్డ్ పరీక్షలకు ప్రాధాన్యం పెరిగింది. వాటిలో కొన్ని అప్పటికే మొదలయ్యాయి.

ఇటలీలో మొదలైన రోమన్ పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. అందులో విశ్లేషించిన 77 మందిలో, ఛాతీ తెరవాల్సి రావడంలో గానీ దుష్ఫలితాల్లో గానీ రోబోకూ వాట్స్‌కూ తేడా కనిపించలేదు. రోబో గుంపులో లింఫ్ గ్రంథులు మాత్రం ఎక్కువ దొరికాయి. షాంఘైలోని రుయిజిన్ ఆస్పత్రి నడిపిన ఆర్‌వీలోబ్ పరీక్ష దీనికంటే గట్టిది. 2017 మే నుంచి 2020 మే వరకు 320 మందిని చేర్చుకున్నారు. మూడేళ్లకు రోబో గుంపులో 94.6 శాతం, వాట్స్ గుంపులో 91.5 శాతం బతికి ఉన్నారు. వాట్స్‌కు రోబో తీసిపోదని నిరూపించడానికి రూపొందించిన పరీక్ష ఇది, ఆ సంగతి నిరూపించింది. మూడు శాతం తేడాను గెలుపుగా చూపడానికి ఈ అంకెలు చాలవు. ఖర్చులో మాత్రం సందేహం లేదు: రోబో ఆపరేషన్‌కు సుమారు 12,800 డాలర్లు, వాట్స్‌కు సుమారు 8,000.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి వాయెల్ హన్నా నాయకత్వంలో సాగుతున్న రావల్ పరీక్ష ప్రశ్నను కొంచెం మార్చి అడిగింది. ఎంతకాలం బతికారన్నదాంతో పాటు ఎలా బతికారు, అందుకు ప్రజాధనం ఎంత ఖర్చయింది అని కూడా చూసింది. తొలి 164 మంది ఫలితాల్లో, పన్నెండు వారాలకు రోగులు తమ ఆరోగ్యానికి వేసుకున్న మార్కులు రెండు గుంపుల్లోనూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. పూర్తి ఆరోగ్యంతో గడిపిన ఒక ఏడాదికి సమానమైన లాభానికి రోబో వల్ల అదనంగా అయ్యే ఖర్చు సుమారు 15 వేల కెనడా డాలర్లని లెక్కగట్టారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థకు అది భరించదగిన మొత్తమే. కెనడాలో చౌక అయినది మనకూ చౌక అని దీని అర్థం కాదు.

లింఫ్ గ్రంథుల లెక్కలో ఒక మెలిక

రోబోను సమర్థించేవారి ముఖ్యవాదం లింఫ్ గ్రంథుల మీద ఆధారపడి ఉంది. ఊపిరితిత్తుల మధ్య, శ్వాసనాళం చుట్టూ ఉండే ఈ గ్రంథుల్లోకే క్యాన్సర్ మొదట పాకుతుంది. వాటిని ఎంత శ్రద్ధగా ఏరితే జబ్బు నిజమైన దశ అంత కచ్చితంగా తెలుస్తుంది. రోబోతో ఎక్కువ గ్రంథులు, ఎక్కువ చోట్ల నుంచి తీయగలుగుతున్నారని పై పరీక్షల్లో పదేపదే కనిపించింది. తేడా పెద్దది కాదు: షాంఘైలో 11, 10, కెనడాలో 10, 8.

ఈ ఒకటి రెండు గ్రంథుల వల్ల ఆయుష్షు పెరుగుతుందా? నేరుగా పెరుగుతుందని చెప్పలేం. ఇక్కడే ఒక మాయ ఉంది. పదో తరగతి ఏ సెక్షన్‌లో వెనకబడిన పిల్లవాణ్ణి బీ సెక్షన్‌కు మార్చారనుకుందాం. వాడు బీ సెక్షన్ పిల్లల కంటే మెరుగే అయితే రెండు సెక్షన్ల సగటు మార్కులూ పెరుగుతాయి, ఒక్క పిల్లవాడికీ కొత్తగా మార్కు రాకుండానే. క్యాన్సర్ దశల్లోనూ అంతే. ఎక్కువ గ్రంథులు వెతికితే, మొదటి దశ అనుకున్న కొందరిలో రహస్యంగా పాకిన జబ్బు దొరికి, వారు రెండో దశలోకో మూడో దశలోకో మారతారు. మొదటి దశలో నిజంగా తేలికపాటి జబ్బు ఉన్నవారే మిగులుతారు. పై దశలోకి చేరినవారూ అక్కడి పాతవారి కంటే మెరుగే. దశలవారీగా చూస్తే రెండు చోట్లా జీవన రేటు పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి ఎవరూ ఒక్క రోజు కూడా ఎక్కువ బతకకపోయినా. ఆల్వాన్ ఫైన్‌స్టైన్ బృందం 1985లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల వివరాలతోనే దీన్ని చూపించింది. కాబట్టి ‘మా దగ్గర ఒకటో దశ రోగుల్లో ఇంతమంది బతికారు’ అని వేర్వేరు పద్ధతులవారు చెప్పుకునే అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టకూడదు. అన్ని దశలనూ కలిపి, ర్యాండమైజ్ చేసి చూస్తేనే న్యాయం.

గ్రంథులు ఏరడం వల్ల పరోక్షంగా ఒక మేలు మాత్రం ఖాయం. దాగి ఉన్న జబ్బు బయటపడితే ఆపరేషన్ తర్వాత మందులు ఇవ్వవచ్చు, ఆ మందులకు ఈ పదేళ్లలో బలం పెరిగింది. ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు ఉన్నవారికి ఆపరేషన్ తర్వాత ఓసిమెర్టినిబ్ మాత్ర ఇచ్చిన అడౌరా పరీక్షలో, ఒకటి-బీ నుంచి మూడు-ఏ దశ వరకు ఉన్నవారిలో ఐదేళ్ల జీవన రేటు 88 శాతం. ఆ మాత్ర ఇవ్వనివారిలో 78. ఒక్క మాత్ర తెచ్చిన ఈ పది శాతం తేడాను, ఆపరేషన్ పద్ధతులను పోల్చిన పై ఊపిరితిత్తుల అధ్యయనాల్లో ఏదీ అందుకోలేదు. ఈ జన్యు మార్పు తూర్పు ఆసియాలోనూ భారతదేశంలోనూ పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువమందిలో కనిపిస్తుంది. ఆపరేషన్‌కు ముందే ఇమ్యునోథెరపీ ఇచ్చే పద్ధతి కూడా 2022 నుంచి వాడుకలోకి వచ్చింది. అలాంటివారిలో గ్రంథుల చుట్టూ కణజాలం గట్టిపడి అతుక్కుపోతుంది. రోబో మణికట్టుకు అసలు పని పడేది అక్కడే అని చాలామంది సర్జన్ల నమ్మకం. నమ్మకం సబబుగానే ఉంది, దీర్ఘకాలిక రుజువు ఇంకా రావాలి.

లోబ్ మొత్తం తీయాలా?

1995లో ప్రచురించిన ఒక అమెరికా పరీక్షలో, లోబ్‌లో కొంత భాగమే తీయించుకున్నవారిలో జబ్బు అదే చోట తిరగబెట్టడం మూడింతలైంది. ఆ తర్వాత పాతికేళ్లు లోబెక్టమీకి తిరుగు లేకపోయింది. స్కానింగ్ మెరుగై, రెండు సెంటీమీటర్లు దాటని గడ్డలు దొరకడం మొదలయ్యాక లెక్క మారింది. జపాన్‌లో 1,106 మందితో చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, లోబ్‌లోని ఒక విభాగాన్నే తీసే సెగ్మెంటెక్టమీ చేయించుకున్నవారిలో ఐదేళ్ల జీవన రేటు 94.3 శాతం, లోబెక్టమీలో 91.1. అదే చోట తిరగబెట్టడం మాత్రం సెగ్మెంటెక్టమీలోనే ఎక్కువ, 10.5 శాతం, లోబెక్టమీలో 5.4. తిరగబెట్టినా ఎక్కువమంది బతకడం వింతగా తోచవచ్చు. లోబెక్టమీ గుంపులో ఇతర జబ్బులతో, ఇతర క్యాన్సర్లతో చనిపోయినవారు ఎక్కువ; సెగ్మెంటెక్టమీలో మిగిలిన ఊపిరితిత్తి కొన్నేళ్ల తర్వాత అక్కరకొచ్చి ఉండవచ్చు. 2023లో వచ్చిన ఉత్తర అమెరికా పరీక్ష, 697 మందితో, రెండూ దాదాపు సమానమని తేల్చింది.

రోబోకు భవిష్యత్తు ఎక్కువగా ఇక్కడే అనిపిస్తుంది. సెగ్మెంట్ల మధ్య కంటికి కనిపించే గీత ఉండదు. తీయాల్సిన సెగ్మెంట్ ధమనిని మూసేసి, ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును రక్తంలోకి ఎక్కిస్తే, మిగతా ఊపిరితిత్తి ప్రత్యేక కెమెరాలో ఆకుపచ్చగా మెరుస్తుంది, తీయాల్సిన భాగం నల్లగా ఉండిపోతుంది. ఈ కెమెరా రోబోలోనే అమర్చి ఉంటుంది. అయితే సెగ్మెంటెక్టమీని లోబెక్టమీతో పోల్చిన పై రెండు పరీక్షలూ రోబో గురించినవి కావు. వాటి ఫలితాన్ని రోబో ఖాతాలో వేయకూడదు.

నొప్పి, కోలుకోవడం

తెరిచిన ఆపరేషన్ కంటే చిన్న రంధ్రాల పద్ధతి రోగికి హాయి అన్న విషయంలో వాదన ముగిసింది. బ్రిటన్‌లో 503 మందితో చేసిన వయొలెట్ పరీక్షలో, వాట్స్ చేయించుకున్నవారు ఐదు వారాలకు శారీరకంగా మెరుగ్గా కోలుకున్నారు. క్యాన్సర్ తొలగింపులో నాణ్యత తగ్గలేదు. రోబో, వాట్స్ మధ్య ఇలాంటి స్పష్టమైన తేడా లేదు. రెండూ పక్కటెముకల సందుల గుండానే వెళతాయి, నరం నలిగే అవకాశం రెండింటిలోనూ ఉంది.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా కొత్తగా బయటపడే ఊపిరితిత్తుల క్యాన్సర్లు 80 వేలకు పైనే. వీరిలో ఎక్కువమంది మూడో దశలోనో నాలుగో దశలోనో వస్తారు. అంటే ఈ వ్యాసంలోని పరీక్షల్లో చేరగలిగినంత తొందరగా జబ్బు దొరికేవారు మన దగ్గర కొద్దిమందే. దగ్గు, ఆయాసం, ఉమ్మిలో రక్తం, ఎక్స్‌రేలో మచ్చ: ఇవన్నీ క్షయకూ ఉండే లక్షణాలే కావడంతో, కఫంలో క్రిమి కనబడకపోయినా నెలల తరబడి టీబీ మందులు వాడి, తగ్గక, అప్పుడు పెద్దాస్పత్రికి వచ్చేవారు వైద్యులకు కొత్త కాదు. పాత క్షయ వల్ల గట్టిపడిన గ్రంథులు ధమనికి అతుక్కుపోయి, ఆపరేషన్‌ను మరింత కష్టం చేస్తాయి. అమెరికా అంకెలను ఇక్కడికి యథాతథంగా దిగుమతి చేయలేకపోవడానికి ఇదొక కారణం.

హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల్లో రోబోలు చాలాకాలంగా ఉన్నాయి. 2023లో ప్రభుత్వ రంగంలోని నిమ్స్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రులకూ రోబోటిక్ సదుపాయం వచ్చింది. దేశంలోనే తయారైన ఎస్‌ఎస్‌ఐ మంత్ర అనే యంత్రం కూడా వాడుకలో ఉంది. ఖర్చు యంత్రంతో అయిపోదు. పరికరాలను నిర్ణీత సంఖ్యలో ఆపరేషన్లకు వాడి పక్కన పెట్టాలి, ఏటా నిర్వహణ రుసుము కట్టాలి. ఇది చివరికి రోగి బిల్లులోకే చేరుతుంది. వాట్స్‌లో చేయి తిరిగిన సర్జన్ అందుబాటులో ఉన్నచోట, రోబో కోసమని అప్పు చేయడానికి ఇప్పటి ఆధారాల్లో కారణం కనిపించదు. మరోవైపు, వాట్స్ నేర్చుకోవడం కష్టమనిపించి ఇంకా ఛాతీ తెరిచే పద్ధతిలోనే ఉండిపోయిన సర్జన్లు రోబోతో త్వరగా చిన్న కోతలకు మారగలుగుతున్నారు. ఆ మేరకు రోగులకు లాభమే.

ఐదేళ్లు దాటాక

ఐదేళ్లు గడిస్తే గండం గడిచినట్టేనని సాధారణ నమ్మకం. పాత గడ్డ విషయంలో అది చాలావరకు నిజం. ఒకసారి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారిలో పూర్తిగా కొత్త గడ్డ పుట్టే అవకాశం మాత్రం ఏటా ఒకటి రెండు శాతం చొప్పున కొనసాగుతూనే ఉంటుంది. అందుకే తొలి రెండు మూడేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాత ఏటా సీటీ స్కాన్ తీయిస్తారు. రెండో గడ్డ దొరికినప్పుడు మళ్లీ ఆపరేషన్ చేయగలమా లేదా అన్నది, మొదటిసారి ఎంత ఊపిరితిత్తిని మిగిల్చారు, ఛాతీ లోపల ఎంత అతుక్కుపోయింది అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఏ పద్ధతి తర్వాత రెండో ఆపరేషన్ సులువన్న ప్రశ్నను పై పరీక్షల్లో ఏదీ ప్రధానంగా అడగలేదు. రావల్ పరీక్షలో చేరినవారి జీవన రేటును పరిశోధకులు ఇంకా లెక్కగడుతున్నారు.